బతికున్న మనిషికి రెండు నిమిషాల మౌనం

గురువారం గనిలో మొదటి షిఫ్టు ముగించుకుని ఇంటికి వచ్చి, స్నానం చేసి, సంపత్ వరండాలో కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. సెంటినరీ కాలనీలో వాళ్ళ క్వార్టర్ ఆ వరుసలో చివరి నుంచి రెండోది. నాలుగున్నర అయి ఉంటుంది. గేటు ముందు స్కూటీ ఆగింది. దిగిన ఆవిడ హ్యాండ్‌బ్యాగును గుండెలకు ఆనించుకుని కాసేపు అక్కడే నిలబడింది. వాకిట్లో తీగ మీద ఆరేసిన బట్టలను చూసింది. లోపల టీవీ మోగుతోంది, దాన్ని విన్నది. అప్పుడు గేటు తీసింది.

"సంపత్ గారి ఇల్లు ఇదేనాండీ?"

ఇదేనని, వచ్చి కూర్చోమని చెప్పాడు సంపత్. ఆమె కూర్చోలేదు. గొంతు బాగా తగ్గించి, వాళ్ళ మిసెస్ ఉన్నారా అని అడిగింది. తాను లౌక్య క్లాస్ టీచర్నని, పేరు రాజరాజేశ్వరి అని, రావడం రెండు రోజులు ఆలస్యమైందని, ఏమీ అనుకోవద్దని చెప్పింది. ఎందుకు ఆలస్యమో, దేనికి అనుకోవాలో సంపత్‌కు అర్థం కాలేదు.

"తిరుమల లోపల ఉన్నది మేడం. నేనే లౌక్య వాళ్ళ బాపును. చెప్పుండ్రి" అన్నాడు.

టీచర్ వరండా గ్రిల్లును పట్టుకుంది. ఆయన ముఖం వంక, చేతిలోని టీ గ్లాసు వంక, మళ్ళీ ముఖం వంక చూసింది. తరువాత ఆయనే ఇచ్చిన కుర్చీలో కూలబడింది.

లౌక్యకు ఎనిమిదేళ్ళు. మూడో తరగతి. బడిలో మీటింగులకు ఎప్పుడూ తిరుమలే వెళ్తుంది కాబట్టి టీచర్ సంపత్‌ను అంతకు ముందు చూడలేదు. తిరుమల మిషన్ మీద కుడుతున్న జాకెట్టును వదిలి బయటకు వచ్చాక టీచర్ జరిగింది చెప్పింది. మంగళవారం పొద్దున హాజరు పిలుస్తుంటే లౌక్య లేచి నిలబడి, వాళ్ళ బాపు గనిలో చచ్చిపోయాడని అందరికీ వినబడేలా చెప్పింది. పిల్లలంతా ఏడ్చారు. టీచరుకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. పిల్లలందరినీ నిలబెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించారు. మరి నువ్వెందుకు బడికి వచ్చావమ్మా అని అడిగితే, అమ్మ ఇంట్లో ఏడుస్తోంది, నన్ను బడికి పొమ్మంది అని చెప్పిందట. చావు జరిగిన ఇంటికి ఫోన్ చేసి ఏమడగాలో తెలియక టీచర్ చేయలేదు.

"ఇవాళ మేఘన అనే అమ్మాయి మణికట్టు కొరికేసిందండీ. పళ్ళు దిగాయి. ఇంట్లో ఇంత దుఃఖం ఉంది కదా, అందుకే అలా చేసిందనుకున్నాను. ఒకసారి పలకరించి వెళ్దామని వచ్చాను" అన్నది టీచర్.

చావు పలకరింపుకు వచ్చిన మనిషికి ఆ చచ్చినవాడే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగింది. తిరుమల పదే పదే సారీ మేడం, సారీ మేడం అంటూ ఉంది.

టీచర్ వెళ్ళిన పావుగంటకు లౌక్య పక్క వరుసలో ఆట ముగించుకుని వచ్చింది. కాళ్ళు కడుక్కుంటుంటే తిరుమల ఎదురుగా వెళ్ళి నిలబడింది. కొన్ని వారాలుగా ఆమె ఫోన్‌లో పిల్లల పెంపకం గురించి వీడియోలు చూస్తోంది. కోపం వచ్చినప్పుడు పది లెక్కపెట్టాలని, పిల్ల కళ్ళలోకి చూస్తూ మెల్లగా మాట్లాడాలని అందులో ఒకామె చెప్పేది. తిరుమల ఇప్పుడు పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. ఆమె ఆరు దాకా వెళ్ళేసరికి సంపత్ వచ్చి పిల్ల చెంప మీద కొట్టాడు.

ఎనిమిదేళ్ళలో ఆయన ఆ పిల్ల మీద చెయ్యెత్తడం అదే మొదటిసారి. కొట్టిన చేయి ఎటు పెట్టుకోవాలో తెలియక లుంగీకి తుడుచుకున్నాడు. లౌక్య ఏడవలేదు. చెంప పట్టుకుని ఆయన్ను తల నుంచి కాళ్ళ దాకా, ఎక్కడైనా దెబ్బ తగిలిందేమో వెతుకుతున్నట్టు చూసింది.

"బాపు, రేపు నీది ఏ షిఫ్టు?" అని అడిగింది.

తండ్రి చచ్చిపోయాడని లోకమంతా చాటిన పిల్లకు తండ్రి షిఫ్టు ఎందుకో ఆయనకు తెలియలేదు. ఆయన తల్లి సారక్క కాసిపేట నుంచి వచ్చి నెలన్నర అయింది. ఆమె వచ్చి మనవరాలిని కొంగులోకి లాక్కుని లోపలికి తీసుకుపోయింది.

మరునాడు ముగ్గురూ మూడు విధాలుగా పిల్లను అడిగారు. తిరుమల కళ్ళలోకి చూస్తూ, భుజం మీద చెయ్యేసి, నీ మనసులో ఏమున్నా చెప్పు బిడ్డ అని అడిగింది. ఏందమ్మా గట్ల చూస్తున్నవు, భయమైతుంది అన్నది లౌక్య. ఊరికే తమాషాకు చెప్పానన్నది. సారక్క అడిగితే కల వచ్చిందన్నది. సంపత్ అడిగితే, కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీసి, కడుపు నొస్తోందని వెళ్ళి పడుకున్నది.

తమాషా అయితే కడుపునొప్పి ఎందుకు? కల అయితే దాన్ని లేచి నిలబడి క్లాసంతటికీ ఎందుకు చెప్పాలి? చెప్పింది సరే, ఆ మేఘనను ఎందుకు కొరికింది? శుక్రవారం, శనివారం డ్యూటీలో సంపత్‌కు ఇదే ఆలోచన. సపోర్ట్ మనుషులతో కలిసి గని పైకప్పుకు బోల్టులు బిగిస్తూ ఆయన ఒక్కో ప్రశ్నను తిప్పి తిప్పి చూశాడు. ఒకటి తెగితే రెండోది ముడిపడేది. నేను పోవాలనే పిల్ల కోరుకుంటోందా అనే అనుమానం కూడా వచ్చింది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ మళ్ళీ ఆ అనుమానమే.

ఎందుకంటే ఆగస్టు నుంచి ఇంట్లో ఆయన ఉన్నా లేనట్టే ఉన్నాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఆగస్టులో వాళ్ళ గనిలో పైకప్పు పడింది. భూపాల్ పోయాడు. ఇద్దరూ తొమ్మిదేళ్ళుగా ఒకే గ్యాంగులో పనివాళ్ళు. పొద్దున భూపాల్ బండి మీద వచ్చి గేటు ముందు రెండుసార్లు హారన్ కొట్టేవాడు. లౌక్య పరుగెత్తుకు వెళ్ళి బండెక్కేది. వాటర్ ట్యాంకు దాకా ఒక చుట్టు తిప్పితే గానీ దిగేది కాదు. ఆ రోజు గనిలో బోల్టులు తక్కువ పడితే తెస్తానని సంపత్ వెనక్కి వెళ్ళాడు. అరవై అడుగులు నడిచి ఉంటాడు. వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు.

పిల్లకు చెప్పొద్దని మొగుడూపెళ్ళాలిద్దరూ అనుకున్నారు. చిన్నపిల్ల, భయపడుతుంది అనుకున్నారు. భూపాల్ మామ సొంతూరికి పోయాడు, అక్కడే ఉంటాడు అని చెప్పారు. లౌక్య సరేనన్నది. మళ్ళీ అడగలేదు. ఎంత తేలిగ్గా మరిచిపోయిందో అని తిరుమల ఆశ్చర్యపోయింది కూడా.

మూడు రోజులు సెలవు పెట్టి సంపత్ మళ్ళీ డ్యూటీకి వెళ్ళాడు. వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ వెళ్ళలేనేమోనని వెళ్ళాడు. ఇంటికి వచ్చి ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు, దానిలో ఏం చూస్తున్నాడో ఆయనకే తెలిసేది కాదు. ఒకరోజు వంటింట్లో లౌక్య చేతిలోంచి స్టీలు పళ్ళెం జారిపడితే ఇల్లు అదిరిపోయేలా అరిచాడు. పిల్ల అప్పటి నుంచి పళ్ళాన్ని రెండు చేతులతో పట్టుకుని, నేల మీద పిల్లిని దించినట్టు మెల్లగా పెడుతుంది. మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీ అద్దాలు గలగలమన్నప్పుడల్లా లౌక్య మొదట ఆయన ముఖం చూస్తుంది. ఇవన్నీ ఆయన చూశాడు. చూసి ఏం చేయాలో తెలియక ఊరుకున్నాడు.

ఆదివారం సెలవు. మధ్యాహ్నం సారక్క పెరటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. లౌక్య పక్కన కూర్చుని గింజలను గిన్నెలో వేస్తోంది. సంపత్ లోపల ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కిటికీలోంచి మాటలు వినబడుతున్నాయి.

"బాపమ్మ, ఇద్దరు ఏడువకపోతె ఎట్ల? అది లెక్కకు వస్తదా?"

ఏ ఇద్దరు, ఏం లెక్క అని సారక్క అడిగింది. లౌక్య ఏం లేదన్నది. ఇంకో గింజ గిన్నెలో వేసి, మీ ఊర్ల అందరూ ఏడ్చిన్రా అని మళ్ళీ అడిగింది.

సంపత్ ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపాడు. పిల్ల నీళ్ళు తాగడానికి లేచి వెళ్ళాక తల్లి దగ్గరికి వచ్చి, మీ ఊర్లో ఎవరు ఏడవడం, ఏమిటా మాట అని అడిగాడు. సారక్క మొదట ఏమీ గుర్తు లేదన్నది. తరువాత చేతిలో కాయను పక్కన పెట్టి చెప్పింది. వినాయక చవితి వెళ్ళిన వారమో ఏమో, సంపత్ పెరట్లో పళ్ళు తోముకుంటుంటే గోడ మీది కాకి ఎగురుతూ ఆయన తల మీద కాలితో తన్నిపోయింది. ఆయన తల దులుపుకుని మరిచిపోయాడు. సారక్క మరిచిపోలేదు. కాకి తంతే గండమని ఆమెకు భయం. అలాంటప్పుడు ఆ మనిషి చచ్చిపోయాడని దూరపు చుట్టాలకు ఉత్తుత్తి కబురు పంపుతారు. వాళ్ళు నిజమనుకుని ఏడుస్తారు. ఆ ఏడుపుతో గండం పోతుంది. ఆమె చిన్నప్పుడు వాళ్ళ మేనమామకు అలాగే చేశారు. మనమూ కబురు పంపుదామని సారక్క వంటింట్లో తిరుమలతో అన్నది. అత్తమ్మ, భూపాలన్న పోయి నెల కాలే, గా మాటలు మాట్లాడకు అని తిరుమల నోరు మూయించింది. అక్కడితో అయిపోయింది.

"పిల్ల ఏడున్నది అప్పుడు?" అని అడిగాడు సంపత్.

"ఈడ్నే ఉన్నది. నా పక్కకే కూసోని అన్నం తింటున్నది" అన్నది సారక్క.

సంపత్ లోపలికి వెళ్ళాడు. లౌక్య మంచం మీద బోర్లా పడుకుని పుస్తకంలో ఏదో రంగు వేస్తోంది. ఆయన నేల మీద కూర్చున్నాడు.

"ఎవరు బిడ్డ ఏడువంది?"

లౌక్య చేయి ఆగింది. ఆయన ముఖంలో కోపం ఉందేమో చూసుకున్నది.

"మేఘన నవ్వింది. అరవింద్ గాడు ఊకెనే కూసున్నడు."

"అందుకే మేఘనను కొరికినవా?"

"ఏడుస్తదని కొరికిన. ఏడ్చింది."

"మరి అరవింద్?"

"వాడు పెద్దగున్నడు" అన్నది లౌక్య. ఆ మాటతో ఆమె ముఖం మారిపోయింది. ఒక్కడు మిగిలిపోయాడు, పని పూర్తి కాలేదు, మూడు రోజులుగా ఆ బరువును ఒక్కతే మోస్తోంది. అప్పుడు ఏడ్చింది. గురువారం చెంపదెబ్బకు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

తాను కొట్టింది ఏ పని చేసినందుకో సంపత్‌కు ఇప్పుడు తెలిసింది. కాకి సంగతి అంతా ఉత్తదే అంటే, పిల్ల చేసిందంతా వృథా అన్నట్టు, ఆ గండం ఇంకా తన నెత్తి మీదే ఉన్నట్టు. నిజమే అంటే, రేపు మళ్ళీ ఏ కాకి వాలినా ఈ పిల్ల మళ్ళీ ఎవరినో ఒకరిని ఏడిపించాలి. రెండు మాటలూ నోటి దాకా వచ్చి వెనక్కి పోయాయి. ఆ రెండింటి మధ్య ఇంకో మాట ఏదైనా ఉందా అని వెతుక్కుంటూ కూర్చున్నాడు. చివరికి నోట వచ్చింది వేరే.

"భూపాల్ మామ ఊరికి పోలే బిడ్డ."

"నాకు ఎరుకే" అన్నది లౌక్య, ముక్కు తుడుచుకుంటూ.

"ఎట్ల ఎరుక?"

"మామ బండి వాళ్ళింటి ముంగటనే ఉన్నది కద. బండి లేకుంట ఊర్ల ఎట్ల తిరుగుతడు?"

తిరుమల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సంపత్ ఆమెను చూశాడు గానీ ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలు పెట్టలేననిపించింది. భూపాల్ మామ మీద పైకప్పు పడిందని, తాను బోల్టుల కోసం వెనక్కి వెళ్ళాను కాబట్టి బతికానని చెప్పాడు. ఇంతవరకు ఈ సంగతి ఆయన తిరుమలకు కూడా ఇలా వరసగా చెప్పలేదు. విచారణకు వచ్చిన ఆఫీసర్లకు చెప్పాడు, అంతే.

లౌక్య లేచి కూర్చున్నది.

"మళ్ళ పడతదా?"

పడదు అనాలి. ఏ తండ్రి అయినా అదే అంటాడు. సంపత్ ఆ మాట అనబోయాడు. పిల్ల ఆయన కళ్ళనే చూస్తోంది. బండి సంగతి గుర్తొచ్చింది.

"పడొచ్చు. ఎప్పుడో తప్ప పడదు. పడకుంట మేం చూసుకుంటం" అన్నాడు.

ఎలా చూసుకుంటారో చెప్పాడు. లోపలికి పోగానే ఇనుప చువ్వతో పైకప్పును కొడతారు. గట్టి చప్పుడు వస్తే మంచిదే. డొల్ల చప్పుడు వస్తే అక్కడ ఎవరూ నిలబడరు. ముందు ఆధారాలు పెడతారు, బోల్టులు బిగిస్తారు, తరువాతే పని. లౌక్య శ్రద్ధగా విన్నది.

"ఆ రోజు కొట్టలేదా మరి?"

"కొట్టిండ్రు. నేనే కొట్టిన. గట్టి చప్పుడే వచ్చింది."

"గట్లయితె ఎట్ల పడ్డది?"

"గదే నాకు సమజైతలేదు బిడ్డ. రోజు గదే సోంచాయిస్తున్న" అన్నాడు సంపత్. "నాకు కూడ భయమైతది."

లౌక్య మంచం దిగి వచ్చి ఆయన ఒళ్ళో కూర్చున్నది. ఎనిమిదేళ్ళ పిల్ల, కాళ్ళు పొడుగు, ఒళ్ళో పట్టడం లేదు. అయినా అట్లాగే ముడుచుకుని కూర్చున్నది. కొట్టినందుకు తప్పయిపోయిందని ఆయన చెప్పాడు. మెల్లగనే తాకింది అన్నది లౌక్య, ఆయనను ఓదారుస్తున్నట్టు.

పిల్ల బయటికి వెళ్ళాక తిరుమల తలుపు దగ్గరికేసింది. నీకేమన్న తెలివి ఉన్నదా అని అడిగింది. పిల్లలకు మీరు భద్రంగా ఉన్నారని చెప్పాలట, ఇల్లు గట్టిగా ఉందని వాళ్ళకు అనిపించాలట, ఆ వీడియోలో ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. ఈయనేమో పడొచ్చు అని చెప్పి వచ్చాడు, పైగా నాకూ భయమే అన్నాడు. ఇక పిల్లకు నిద్ర పడుతుందా?

"భద్రం అని ఎట్ల చెప్పాలె? నమ్మదు. మనం చెప్పిన అబద్ధం ఆగస్టు నుంచి కడుపుల పెట్టుకోని తిరుగుతున్నది" అన్నాడు సంపత్. అంటూనే, ఆమె చెప్పిందే సరేమో అనుకున్నాడు.

తిరుమల మంచం పట్టె మీద కూర్చున్నది. కోపం ఎటో పోయింది. నువ్వు డ్యూటీ నుంచి వచ్చి గేటు తీసే చప్పుడు వినబడేదాక నాకు కుట్టు సరిగ పడదు, ఒకటే దారం మూడుసార్లు విప్పుత అని చెప్పింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె ఆ మాట చెప్పలేదు. ఆయన అడగలేదు.

సోమవారం నుంచి సంపత్‌ది రెండో షిఫ్టు. మధ్యాహ్నం రెండింటి దాకా ఇంట్లోనే ఉంటాడు. పొద్దున బడికి తానూ వస్తానన్నాడు. పిల్లలకు నిజం చెప్పాలి, ఆ మేఘనకు సారీ చెప్పించాలి. లౌక్య షూ లేసు కట్టుకుంటున్నది ఆపి, వద్దని గట్టిగా తల ఊపింది. నువ్వు కనబడితె అంతా పోతది అన్నది. సారక్క కూడా, అయిందేదో అయింది, ఎందుకు కదిలించాలె కొడుకా అన్నది.

సంపత్ పిల్ల ముందు గొంతుక్కూర్చుని లేసు ముడి వేశాడు.

"బాపమ్మ వాళ్ళ మామ కోసం ఏడ్చినోళ్ళు, తర్వాత ఆయనను చూసిన్రా, లేదా?"

లౌక్య బాపమ్మ వైపు చూసింది. చూశారని, మేనత్త ఏడుస్తూ వచ్చి, వాకిట్లో మనిషి కనబడేసరికి కొట్టినంత పని చేసిందని, తరువాత అందరూ కూర్చుని అన్నం తిన్నారని సారక్క చెప్పింది.

"మరి మీ క్లాసోళ్ళు చూడొద్దా?"

పిల్ల చాలాసేపు ఆలోచించింది. సరే అన్నది. దారి పొడవునా సంపత్‌కు అదే గుబులు. తాను నమ్మని దాన్ని నమ్మినట్టు మాట్లాడాడు. ఇదీ ఒక అబద్ధమే కదా? నిన్న నిజమే చెప్పాలనుకున్న మనిషి ఒక్క పూటకే ఇట్లా ఎందుకయ్యాడు? పోనీ, పిల్ల పట్టుకుని వేలాడుతున్న కొమ్మను నరకలేక మెల్లగా వంచాడని అనుకోవచ్చా? తేల్చుకోలేదు. బడి వచ్చేసింది.

టీచర్ ఆయనను తరగతిలోకి తీసుకెళ్ళి, లౌక్య వాళ్ళ నాన్నగారు అని చెప్పింది. ముప్పై మంది పిల్లలు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందు బెంచీలో ఒక పాప బ్యాగును ఒళ్ళోకి లాక్కుని వెనక్కి జరిగింది. గనిలో చీకటిలో నిలబడడం కంటే ఆ బోర్డు ముందు నిలబడడం కష్టంగా ఉంది సంపత్‌కు.

ఒక పిల్లవాడు చెయ్యెత్తి అడిగాడు.

"అంకుల్, నువ్వు సచ్చిపోలేదా?"

"లేదు బిడ్డ. బతికే ఉన్న."

ఇంకో పాప, నేను నిజంగనే ఏడ్చిన అంకుల్, ఇంటికి పోయి కూడ ఏడ్చిన అన్నది. ఆ గొంతులో కొంచెం నిష్ఠూరం ఉంది. సంపత్ పొద్దున్నుంచీ మనసులో అనుకుంటూ వచ్చిన మాటలు, అబద్ధం చెప్పకూడదు, మా పిల్ల తప్పు చేసింది, ఇవేవీ ఇప్పుడు నోట రాలేదు. ముఖం తెలియని ఇంతమంది పిల్లలు తన కోసం ఏడ్చారు. తొమ్మిదేళ్ళు పక్కన పనిచేసిన భూపాల్ కోసం తనకు ఇప్పటికీ ఒక్క కన్నీటి చుక్క రాలేదు. మంచిది బిడ్డ అని మాత్రం అన్నాడు.

మూడో వరుసలో ఒక పాప ఉన్నట్టుండి వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. మణికట్టుకు చేతిరుమాలు కట్టి ఉంది. మేఘన. టీచర్ దగ్గరికి తీసుకుని అడిగితే, నేను కావాలని నవ్వలేదు మిస్, నాకు భయమైతె నవ్వొస్తది అని చెప్పింది. వాళ్ళ నాన్న ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. అందరూ ఏడుస్తుంటే వాళ్ళ నాన్నే కళ్ళ ముందు కనబడ్డాడట. నవ్వు వచ్చేసిందట.

లౌక్య నోరు తెరిచి ఆమెనే చూస్తోంది. భయంతో నవ్వు రావడం తన లెక్కలో లేనిది. టీచర్ చెప్పగానే వెళ్ళి సారీ అన్నది, మేఘన ముఖం వంక చూడకుండా, బెంచీ వంక చూస్తూ. మేఘన ఊ అన్నది.

వెనక బెంచీలో నిజంగానే పెద్దగా ఉన్న ఒక పిల్లవాడు ఇబ్బందిగా కదిలాడు. నువ్వేనా అరవింద్ అని సంపత్ అడిగాడు.

"నేను నమ్మలేదు అంకుల్. ఆ రోజు పొద్దుగాల మా షాపు కాడ పాలపాకెట్ కొన్నవు నువ్వు. నేనే ఇచ్చిన. కని అందరు ఏడుస్తున్నరు కద, చెప్తె కొడ్తరని చెప్పలే."

ఒకరు నవ్వారు. తరువాత అందరూ నవ్వారు, టీచర్ కూడా. సంపత్ కూడా నవ్వాడు. ఆగస్టు తరువాత అదే మొదటిసారి అని లౌక్యకు తెలుసు. ఆమె నవ్వలేదు. తండ్రి నవ్వుతుంటే చూస్తూ ఉన్నది.

బయటికి వచ్చాక వరండాలో టీచర్ ఒక మాట చెప్పింది. మంగళవారం తరువాత నలుగురు తల్లులు ఫోన్ చేశారట. పిల్లలు తండ్రులను డ్యూటీకి పోవద్దని పట్టుకుంటున్నారట. వాళ్ళకు ఏం చెప్పాలో తనకు తెలియలేదని, తన తండ్రి కూడా ఇక్కడి గనిలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడని, చిన్నప్పుడు తాము ఆ భయం గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదని అన్నది. మీరు మీ పాపకు ఏం చెప్పారండీ అని అడిగింది. సంపత్ చెప్పాడు. అది మంచిదో చెడ్డదో తెలియదని కూడా చెప్పాడు. తనకూ తెలియదన్నది టీచర్.

ఆ తరువాత అంతా చక్కబడిందని చెప్పడానికి లేదు. లౌక్యకు కడుపునొప్పి వారంలో ఒకటి రెండు రోజులు వస్తూనే ఉంది. ఒకసారి లెక్కల పుస్తకం చించేసింది, ఎందుకో చెప్పలేదు. తిరుమల వీడియోలు చూడడం మానలేదు గానీ లెక్కపెట్టడం మానేసింది. కోపం వస్తే, నాకు కోపం వస్తున్నది, జర ఆగు అని పిల్లతోనే చెప్పి పెరట్లోకి వెళ్ళి వస్తుంది. సారక్క కాసిపేటకు వెళ్ళిపోతూ, నా నోరే మంచిది కాదు అని కళ్ళు ఒత్తుకున్నది. నువ్వు చెప్పకపోతె అది ఇంకేదో ఎతుక్కునేది అవ్వ అన్నాడు సంపత్.

డ్యూటీకి బయలుదేరే ముందు, లౌక్య ఇంట్లో ఉంటే, ఒక ప్రశ్న అడిగేది. ఇయ్యాల భయమైతుందా బాపు అని. కొన్ని రోజులు కొంచెం అనేవాడు, కొన్ని రోజులు చాలా అనేవాడు. లేదు అన్న రోజు నమ్మేది కాదు. నాకు కూడ కొంచెం అని చెప్పి, గేటు దాకా వచ్చి, ఆయన బండి మలుపు తిరిగేదాకా నిలబడేది. పిల్లకు రోజూ ఈ భయాన్ని గుర్తు చేస్తున్నానా, తీసేస్తున్నానా అని ఆయన మలుపు తిరిగాక ఆలోచించేవాడు.

దసరా సెలవుల్లో ఒక రోజు రెండు గంటలకు బండి బయటికి తీశాడు. ఎదురు క్వార్టర్ ముందు లౌక్య, మేఘన, ఇంకో ఇద్దరు నేల మీద గడులు గీసి ఒంటికాలి మీద గెంతుతున్నారు. సంపత్ గేటు వేసి, హెల్మెట్ పెట్టుకుని, కొంచెంసేపు ఆగాడు. పిల్ల రాలేదు. చూడలేదేమోనని బండి స్టార్ట్ చేసి, ఆపి, మళ్ళీ స్టార్ట్ చేశాడు.

"పో బాపు, జల్ది పో. గాడ్నే నిలబడితె మా గీతలకు అడ్డమైతున్నవు" అన్నది లౌక్య, తల తిప్పకుండానే. ఒంటికాలి మీదే ఉంది. మూడో గడిలో పడిన పెంకు మీదే ఉంది ఆమె చూపంతా.

సంపత్ బండిని కాస్త పక్కకు తోసి, గీతలు తొక్కకుండా ముందుకు పోనిచ్చాడు. మలుపు దగ్గర అద్దంలో చూశాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. ఆయనకు సంతోషమైంది, కొంచెం దిగులు కూడా అయింది. ఏది ఎక్కువో తెలుసుకునే లోపే షిఫ్టు బస్సు వెనక నుంచి హారన్ కొట్టింది. దారి ఇచ్చి, దాని వెనకే గని వైపు వెళ్ళాడు.